స్పోర్టీ ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్: మైలేజ్ కొలిచి, ఖర్చు లెక్కగట్టి, రెండిటినీ అదుపులో పెట్టడం ఎలా?

టర్బో ఇంజిన్, నాలుగు చక్రాలకూ పవర్, నాలుగు తలుపులు ఉన్న కారు. దాన్ని కొన్నవాళ్లను అందరూ ముందు అడిగేది "ఎంత ఇస్తోంది?" అనే. తక్కువ అంకె చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఓనరు నెపమంతా ఆల్ వీల్ డ్రైవ్ మీదకి నెట్టేస్తాడు. "నాలుగు చక్రాలు తిప్పాలి కదండీ, తాగుతుంది మరి."

ఆ మాటలో నిజం కొంతే. ఒకే కారు రెండు రకాలుగానూ దొరికినప్పుడు పోల్చి చూస్తే సంగతి తెలుస్తుంది. 2020 మోడల్ బీఎండబ్ల్యూ 330ఐకి అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ ఇచ్చిన సగటు గాలన్‌కు 30 మైళ్లు, అంటే లీటరుకు దాదాపు 12.8 కిలోమీటర్లు. అదే కారు ఎక్స్‌డ్రైవ్‌తో (ఆల్ వీల్ డ్రైవ్‌కి బీఎండబ్ల్యూ పెట్టుకున్న పేరు) అయితే 28 మైళ్లు, అంటే 11.9 కిలోమీటర్లు. తేడా ఏడు శాతం లోపే. దురుసుగా నడిపితే హైవే వేగాల్లో 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజ్ పడిపోవచ్చని ఆ దేశపు ఇంధన శాఖ చెబుతుంది. కాబట్టి ముందు అనుమానించాల్సింది కుడి పాదాన్ని. పెట్రోల్ కంటే మెల్లగా, కనిపించకుండా జేబు ఖాళీ చేసేది ఇంకొకటుంది. అది టైర్లు. ఈ రకం కారులో టైర్ల సంగతి మామూలు కారులో లాంటిది కాదు. దాని దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

1. మీ కారులో ఉన్నది ఏ రకం ఆల్ వీల్ డ్రైవో తెలుసుకోండి

పేరు ఒకటే అయినా లోపల యంత్రాలు వేరు. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌లో మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. డిఫరెన్షియల్ అంటే పవర్‌ని పంచుతూనే చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక. పవర్ ఎప్పుడూ ముందుకీ వెనక్కీ వెళ్తూనే ఉంటుంది. ఇంజిన్‌ని కారు పొడవునా అమర్చిన చాలా ఆడి కార్లలో ఈ పనిని ఏళ్ల తరబడి టోర్సెన్ అనే రకం డిఫరెన్షియల్ చేసింది. ఇంజిన్ అడ్డంగా ఉండే ఆడి ఎస్3 సెడాన్ లాంటి వాటి పద్ధతి వేరు. అక్కడ వెనక ఇరుసు దగ్గర నూనెలో మునిగి ఉండే క్లచ్ ప్లేట్ల కట్ట ఉంటుంది. దీన్నే చాలామంది హాల్డెక్స్ అంటారు. నింపాదిగా పోతున్నప్పుడు ఎక్కువ పని ముందు చక్రాలదే. అవసరం వచ్చినప్పుడు క్లచ్ బిగిసి వెనక చక్రాలకు పవర్ పంపుతుంది. 330ఐ లాంటి బీఎండబ్ల్యూల ఎక్స్‌డ్రైవ్‌లో ఇది తిరగబడుతుంది. వెనక చక్రాలు ప్రధానం, ముందు చక్రాలకు క్లచ్ ద్వారా అందుతుంది.

క్లచ్ వదులుగా ఉన్నంత మాత్రాన ఖర్చు సున్నా అయిపోదు. ముందు నుంచి వెనక్కి పవర్ మోసే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక డిఫరెన్షియల్ గేర్లు చిక్కటి నూనెలో తిరుగుతూనే ఉంటాయి. 2016లో ఆడి తెచ్చిన క్వాట్రో అల్ట్రా ఈ వృథాని తగ్గించడానికే పుట్టింది. అవసరం లేనప్పుడు అది షాఫ్ట్‌ని తిరగకుండా విడదీసేస్తుంది. మీది ఏ రకమో ఓనర్స్ మాన్యువల్‌లో చూసి రాసి పెట్టుకోండి. తర్వాత నూనెలు మార్చేటప్పుడూ టైర్లు కొనేటప్పుడూ పనికొస్తుంది.

2. డాష్‌బోర్డ్ అంకెని పక్కన పెట్టి, చేతో కొలవండి

తెర మీద కనిపించే సగటు ఒక అంచనా. చాలా కార్లలో అది కొంచెం తీపిగానే చెబుతుంది. నేనూ మొదట్లో దాన్నే నమ్మి నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. బంకు రసీదులు కూడితే గాలి దిగిపోయింది.

పద్ధతి పాతదే. ట్యాంక్ నింపించండి, పంపు మొదటిసారి 'టక్'మని ఆగగానే ఆపించండి. ఓడోమీటర్ రాసుకోండి. తర్వాతిసారి కూడా అలాగే మొదటి టక్ దగ్గరే ఆపించి, లీటర్లూ కిలోమీటర్లూ రాయండి. వీలైతే అదే బంకు, అదే పంపు. ఒక్క ట్యాంక్‌తో తీర్పు ఇవ్వకండి. 40 లీటర్లు పట్టే చోట లీటరున్నర అటూ ఇటూ పడినా దాదాపు నాలుగు శాతం తప్పు వస్తుంది. ఐదు ట్యాంకులు కలిపి లెక్కిస్తే ఆ తప్పు చాలావరకు కరిగిపోతుంది.

కలపడంలో కూడా ఒక తిరకాసు ఉంది. 600 కిలోమీటర్లు లీటరుకు 8 చొప్పున, ఇంకో 600 లీటరుకు 12 చొప్పున వచ్చాయనుకోండి. సగటు 10 అని ఎవరైనా అంటారు. కానీ పట్టిన పెట్రోల్ 75 ప్లస్ 50, మొత్తం 125 లీటర్లు. 1200ని 125తో భాగిస్తే వచ్చేది 9.6. మైలేజ్ అంకెల్ని ఎప్పుడూ సగటు చేయకండి. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి.

అసలు 'లీటరుకు ఎన్ని కిలోమీటర్లు' అనే కొలతే కొంచెం మోసపుచ్చుతుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు 6 నుంచి 7కి పెరిగితే 286 లీటర్లు మిగులుతాయి. 12 నుంచి 13కి పెరిగితే మిగిలేది 77 లీటర్లే. పెరిగింది రెండు చోట్లా ఒక్క కిలోమీటరే. అందుకే డైరీలో '100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు' అన్న లెక్క కూడా పక్కన రాయమంటాను. తక్కువ మైలేజ్ ఇచ్చే కార్లలో చిన్న మెరుగుదలకు ఎంత విలువుందో అది సూటిగా చూపిస్తుంది.

టైర్ సైజు మార్చి ఉంటే ఓడోమీటర్ లెక్క కూడా మారుతుంది. 235/45 ఆర్17 తీసి 245/40 ఆర్18 వేస్తే చక్రం వ్యాసం సుమారు 643 మిల్లీమీటర్ల నుంచి 653కి పెరుగుతుంది. ఓడోమీటర్ ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది. మైలేజ్ పడిపోయిందని కంగారుపడే ముందు ఈ సవరణ చేసుకోండి.

ఇక ఎంత వస్తే సరైనట్టు? ఒక కొలబద్దగా 271 హార్స్‌పవర్ ఉన్న 2022 డబ్ల్యూఆర్ఎక్స్‌ని, మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్నదాన్ని, తీసుకోండి. ఈపీఏ లెక్కల్లో దానికి సిటీలో గాలన్‌కు 19, హైవేలో 26, కలిపి 22 మైళ్లు. మన లెక్కలో వరసగా 8.1, 11, 9.4 కిలోమీటర్లు. మీది ఆ బరువు, ఆ పవర్ ఉన్న కారైతే తొమ్మిదికి అటూ ఇటూ రావడం రోగం కాదు, దాని నైజం.

3. టర్బో ఎప్పుడు తాగుతుందో అర్థం చేసుకోండి

పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక వంతు పెట్రోల్‌కి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. మామూలుగా నడిపేటప్పుడు ఇంజిన్ కంప్యూటర్ ఈ పాళ్లనే కాపాడుతుంది. మీరు యాక్సిలరేటర్ నేలకు తొక్కి టర్బోని పూర్తి బూస్ట్‌లోకి (అంటే ఇంజిన్లోకి గాలిని గరిష్ఠంగా నొక్కి పంపే స్థితికి) తెస్తే చాలా ఇంజిన్లలో అది 11, 12 వంతులకు దిగుతుంది. అంటే మండడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ పెట్రోల్ పోస్తోందన్నమాట. ఆ అదనం పవర్ కోసం కొంత, ఎగ్జాస్ట్‌నీ టర్బోనీ పిస్టన్లనీ చల్లబరచడం కోసం కొంత. పెట్రోల్‌ని కూలెంట్‌లా వాడుతున్నామన్నమాట. సరదా డ్రైవింగ్‌లో మైలేజ్ కొంచెం తగ్గడం కాదు, అమాంతం కూలడానికి కారణం ఇదే.

అందుకని ముసలి ఎద్దుబండిలా నడపమని చెప్పను. అలా నడపాలంటే ఈ కారు ఎందుకు? బూస్ట్ గేజ్ ఉంటే ఒక వారం దాన్ని గమనించండి. లేకపోతే కారు తెరలో బూస్ట్ చూపించే పేజీ ఏదైనా ఉందేమో వెతకండి. పెడల్‌ని సగం లోపు తొక్కుతూ, ఇంజిన్ గొణగకుండా ఉన్నంతలో పై గేర్లోకి త్వరగా మారితే రోజువారీ ప్రయాణంలో బూస్ట్ పెద్దగా అక్కర్లేదని మీకే తెలుస్తుంది. అయితే 1,500 ఆర్‌పీఎం దగ్గర ఆరో గేర్లో గట్టిగా తొక్కడం పొదుపు కాదు. తక్కువ వేగంలో ఎక్కువ భారం పడితే పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో ముందస్తుగా మంట అంటుకునే ప్రమాదం ఉంది, అది పిస్టన్లను దెబ్బతీస్తుంది. తొక్కాలనుకుంటే గేరు దించి తొక్కండి.

దూరంలో రెడ్ లైట్ కనబడగానే గేరులోనే ఉంచి పాదం తీసేయండి. ఆర్‌పీఎం కాస్త పైన ఉన్నంతసేపు ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో వేసి దొర్లిస్తే ఐడిల్‌కి పెట్రోల్ పడుతూనే ఉంటుంది. కార్బ్యురేటర్ రోజుల అలవాటు అది.

హైవేలో గాలి అసలు శత్రువు. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 100 నుంచి 120కి వెళ్తే గాలి అడ్డు 44 శాతం ఎక్కువవుతుంది. వెనక పెద్ద వింగ్ ఉంటే ఇంకాస్త. ఇక చల్లటి ఇంజిన్‌తో రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలు ఈ కార్లకు అసలు పడవు. వేడెక్కేదాకా ఇంజిన్ పెట్రోల్ పాలు ఎక్కువున్న మిశ్రమం తాగుతుంది, గేర్‌బాక్స్, రెండు డిఫరెన్షియల్స్‌లోని నూనె కూడా చిక్కగానే ఉంటుంది. మూడు చిన్న పనులుంటే ఒకే రౌండులో ముగించుకోండి.

4. పెట్రోల్: ఎక్కడ పిసినారితనం పనికిరాదో

పెట్రోల్ తనంతట తాను ముందే అంటుకోకుండా (దాన్నే నాక్ అంటారు) ఎంత తట్టుకుంటుందో చెప్పేది ఆక్టేన్ అంకె. బంకులో దాన్ని రెండు పద్ధతుల్లో రాస్తారు. కొన్ని దేశాల్లో ఆర్‌ఓఎన్, అమెరికాలో ఏకేఐ. అక్కడి 91 అంటే ఆర్‌ఓఎన్‌లో సుమారు 95. మీ మాన్యువల్ ఏ పద్ధతిలో చెబుతుందో, బంకులో ఏది రాసుందో సరిపోల్చుకోకపోతే తప్పు పెట్రోల్ పోయించే ప్రమాదం ఉంది. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్‌ని ఒకసారి తీరిగ్గా చదవండి.

మాన్యువల్‌లో 'తప్పనిసరి' అని ఉందా, 'సిఫారసు' అని ఉందా అన్నది ముఖ్యం. సిఫారసు అయితే తక్కువ ఆక్టేన్‌తో ఇంజిన్ నాక్ సెన్సర్ సాయంతో ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుపుకుని బతికేస్తుంది. పవర్ తగ్గుతుంది, మైలేజ్ కూడా కొంత తగ్గుతుంది. ఆదా అయిందనుకున్న డబ్బులో కొంత అక్కడే పోతుంది. తప్పనిసరి అయితే బేరం లేదు. మాన్యువల్ అడిగినదానికన్నా ఎక్కువ ఆక్టేన్ పోయిస్తే మాత్రం ఒరిగేదేమీ ఉండదు.

ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో మైలేజ్ తగ్గితే కారుని తిట్టకండి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో ఉన్నదానికి మూడింట రెండొంతులే. పది శాతం కలిస్తే దాదాపు మూడు శాతం, ఇరవై శాతం కలిస్తే ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. మైలేజ్ కూడా ఇంచుమించు అంతే దిగుతుంది. మీ కారు ఎంత శాతం దాకా తట్టుకుంటుందో మూత దగ్గరో మాన్యువల్‌లోనో చూడండి.

మైలేజ్ పెంచుతామనే మాత్రలు, సీసాలు, అయస్కాంతాల గురించి ఒక్క మాట: చారానా కోడికి బారానా మసాలా.

5. టైర్లు

మామూలు ముందు చక్రాల కారులో ఒక టైరు పాడైతే ఒకటో రెండో కొంటే సరిపోతుంది. ఇక్కడ అలా కుదరదు.

నాలుగు చక్రాలూ ఒకే యంత్రానికి కట్టేసి ఉంటాయి. సుబారు అయితే నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్ల చిల్లర దాటకూడదంటుంది. వినడానికి ఫర్వాలేదనిపిస్తుంది. కానీ చుట్టుకొలతలో ఆరు మిల్లీమీటర్లంటే త్రెడ్ (టైరు మీద గాళ్లుండే రబ్బరు పొర) లోతులో ఒక్క మిల్లీమీటరే. మూడు టైర్లలో 5 మిల్లీమీటర్ల త్రెడ్ మిగిలి, నాలుగోది 8 మిల్లీమీటర్ల కొత్తది వేశారనుకోండి. చుట్టుకొలతలో తేడా దాదాపు 19 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రం కిలోమీటరుకు సుమారు 500 సార్లు తిరుగుతుంది. కొత్త టైరు మిగతా వాటికన్నా ప్రతి కిలోమీటరుకూ నాలుగైదు చుట్లు తక్కువ తిరుగుతుంది. ఆ తేడానంతా డిఫరెన్షియల్స్, క్లచ్ ప్లేట్లు ఆగకుండా మింగుతూ వేడెక్కుతాయి. తారు రోడ్డు మీద సూటిగా పోతున్నా కారు తాను మలుపు తిరుగుతున్నాననే అనుకుంటుంది.

కాబట్టి ఇలా చేయండి. ఒక త్రెడ్ డెప్త్ గేజ్ కొనండి, చాలా చవక. నెలకోసారి ఒక్కో టైరుకి లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలిచి డైరీలో రాయండి. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి టైర్ల స్థానాలు మార్పించండి. ముందు టైర్లు మలుపుల్లో భుజాలు అరగదీసుకుంటాయి కాబట్టి ఈ ఒక్క పని నాలుగింటినీ కలిసి ముసలివయ్యేలా చేస్తుంది. త్రెడ్‌కి ఒకే దిశలో తిరిగే బాణం గుర్తు ఉంటే ముందువి వెనక్కి అదే వైపు మార్చాలి, ఎడమా కుడీ మార్చకూడదు.

సగం అరిగాక ఒక టైరు పక్కగోడ చిరిగితే మూడు దారులున్నాయి. అదే కంపెనీ అదే మోడల్ టైరు, దాదాపు అంతే త్రెడ్ ఉన్నది పాతవాటిలో వెతకడం. కొత్త టైరు త్రెడ్‌ని మిగతా వాటి స్థాయికి చెక్కించడం. రేసు టైర్ల పని చేసేవాళ్ల దగ్గర ఇందుకు యంత్రం ఉంటుంది. రెండూ దొరక్కపోతే నాలుగూ కొనడం. ముందుచూపు ఉన్నవాళ్లు మొదటే ఐదు టైర్లు కొని ఒకటి దాచుకుంటారు. నాకైతే అది అతిజాగ్రత్త అనిపించేది, గుంతలో ఒక టైరు పోయేదాకా.

గాలి విషయం. నాలుగు టైర్ల సగటులో ఒక్కో పీఎస్ఐ తగ్గుదలకూ మైలేజ్ పడేది 0.2 శాతమే. ఆరు పీఎస్ఐ తక్కువున్నా పెట్రోల్ నష్టం శాతానికి కాస్త పైన. గాలి నింపమని అందరూ మైలేజ్ పేరుతో చెబుతారు గానీ అసలు కారణం టైరు అంచులు త్వరగా అరిగిపోవడమే. బయటి ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే ఒక పీఎస్ఐ మారుతుంది. అందుకే కారు కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే చూడండి.

రకం ఎంచుకోవడంలోనే ఖర్చు సగం తేలిపోతుంది. మెత్తటి సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైరు అద్భుతంగా పట్టుకుంటుంది, అంతే అద్భుతంగా అరుగుతుంది. టైరు పక్కగోడ మీద 'త్రెడ్‌వేర్' అంకె ఉంటే 200 చుట్టుపక్కల ఉన్నది ట్రాక్ వైపు మొగ్గినది, 400 దాటినది ఎక్కువకాలం నిలిచేది. కంపెనీలు ఎవరికి వారు వేసుకునే అంకె కాబట్టి వేర్వేరు కంపెనీల మధ్య దాన్ని మరీ గట్టిగా పోల్చకండి.

6. నూనెలు, చిన్న సర్వీసులు

ఇంజిన్ ఆయిల్ అందరికీ గుర్తుంటుంది. రెండు ట్యాంకులకోసారి డిప్‌స్టిక్ (నూనె మట్టం చూపే పుల్ల) చూడటం మాత్రం మర్చిపోతారు. టర్బో ఇంజిన్ కొంత నూనె తినడం మామూలే, మట్టం తగ్గితే ముందు దెబ్బ తినేది టర్బో బేరింగులే.

ఆల్ వీల్ డ్రైవ్‌లో నూనె ఉండే గదులు ఎక్కువ. వెనక డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, కొన్నిట్లో ట్రాన్స్‌ఫర్ కేస్ (పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె), హాల్డెక్స్ రకంలో క్లచ్‌కి ప్రత్యేకమైన నూనె. సుబారు మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే ముందు డిఫరెన్షియల్ కూడా కలిసి ఉంటుంది. ఈ నూనెలు సర్వీసు బిల్లులో ఉన్నాయో లేదో అడిగి చూడండి, చాలాసార్లు ఉండవు. హాల్డెక్స్ ఐదో తరంలో పంపు దగ్గర సన్నటి జల్లెడ ఉంటుంది. క్లచ్ అరిగిన మడ్డి దాన్ని మూసేస్తే పంపు కాలిపోతుంది, వెనక చక్రాలకు పవర్ ఆగిపోతుంది. నూనె మార్చేటప్పుడే జల్లెడ కూడా శుభ్రం చేయించమనండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

డైరెక్ట్ ఇంజెక్షన్ మాత్రమే ఉన్న ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోల్ పడదు కాబట్టి అక్కడ మసి పేరుకుంటుంది. అక్రోట్ పెంకుల పొడిని గాలితో కొట్టి ఆ మసి రాలుస్తారు. ఐడిల్ వణుకుతూ, మైలేజ్ మెల్లగా దిగుతూ ఉంటేనే ఆలోచించండి. క్యాలెండర్ చూసి చేయించే పని కాదు.

7. ఖర్చునంతా పెట్రోల్ లీటర్లలోకి మార్చండి

ధరలు మారుతుంటాయి, పోలిక కష్టం. అందుకే నేను ప్రతి ఖర్చునీ ఆ రోజు లీటరు ధరతో భాగించి లీటర్లలో రాసుకుంటాను. ఉదాహరణకి ఏడాదికి 12,000 కిలోమీటర్లు, మైలేజ్ 9.5 అనుకుందాం. పెట్రోల్ 1,263 లీటర్లు. టైర్ల సెట్ ధర 600 లీటర్లతో సమానం, 20,000 కిలోమీటర్లకు అయిపోతుంది అనుకుంటే ఏడాది వాటా 360 లీటర్లు.

ఇప్పుడు నానా తంటాలు పడి మైలేజ్‌ని 10.5కి పెంచారనుకోండి. మిగిలేది 120 లీటర్లు. దానికి బదులు అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సరిచూపు), గాలి, స్థానాల మార్పు చూసుకుంటూ అదే సెట్‌ని 30,000 దాకా లాగితే టైర్ల వాటా 240కి దిగుతుంది. మిగిలేది మళ్లీ 120 లీటర్లే! ఊహించిన అంకెలే గానీ మీవి వేసి చూడండి, తేడా పెద్దగా ఉండదు.

అదే డైరీలో బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, సర్వీసు, ఇన్సూరెన్స్ రాయండి. చివర్లో కొన్న ధరకీ ఇప్పుడు అమ్మితే వచ్చే ధరకీ ఉన్న తేడాని ఏళ్లతో భాగించి రాయండి. కొత్త కారైతే మొదటి కొన్నేళ్లూ ఈ ఆఖరి వరసే మిగతా వాటన్నిటినీ మింగేస్తుంది. దాని ముందు లీటరుకు ఒక కిలోమీటరు గొడవ నవ్వు తెప్పిస్తుంది. పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించే రీమ్యాప్ చేయిస్తే వారంటీ, ఇన్సూరెన్స్, అమ్మకం ధర మూడూ కదులుతాయి కాబట్టి దాన్ని కూడా ఇక్కడే లెక్క వేయండి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒక షరతు చూడండి. కారు ఆగిపోతే నాలుగు చక్రాలూ నేలను తాకకుండా ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ బండి వస్తుందా అని. రెండు చక్రాలు ఎత్తి మిగతా రెండిటినీ రోడ్డు మీద దొర్లిస్తే చాలా ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో మధ్య క్లచ్చో డిఫరెన్షియలో పాడవుతుంది. లాగేవాళ్లు తొందరలో ఉంటారు, చెప్పాల్సింది మీరే.

8. మైలేజ్ ఉన్నట్టుండి పడిపోతే

డైరీ ఉంటే ఇది తేలిక. వరసగా మూడు ట్యాంకులు మీ మామూలు సగటు కంటే పది శాతం ఎక్కువ తాగితే ఈ క్రమంలో చూడండి. ముందు గాలి. తర్వాత కాసేపు నడిపి దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేసి ఉంది. ఆ తర్వాత ఇంజిన్ టెంపరేచర్. ముల్లు ఎప్పటికీ మామూలు చోటికి చేరకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. ఇంజిన్ తాను ఇంకా చల్లగానే ఉన్నాననుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. తొక్కినప్పుడు 'స్‌స్' మని గాలి కారే శబ్దం వస్తూ పవర్ తగ్గితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపు వదులైందేమో చూపించండి. ఇవేవీ కాకపోతే స్కానర్ పెట్టించి ఆక్సిజన్ సెన్సర్ చూపించండి, చెక్ ఇంజిన్ లైట్ వెలగకపోయినా సరే.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపి చూడండి. కారు ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బిగుసుకుపోతూ గెంతితే మధ్య క్లచ్ పట్టేసిందని అనుమానించాలి. ముందు త్రెడ్ గేజ్ తీసి నాలుగు టైర్లూ కొలవండి. ఆ తర్వాతే మెకానిక్‌కి ఫోన్ చేయండి.